పీరా పాదాల కింద అట్ట

పీరా మంచివాడని మౌలాలిలో ఎవరైనా మీతో అంటే, ఆ మనిషి పీరాకి చుట్టమైనా అయ్యుండాలి, పీరా అంటే హడలిపోయేవాడైనా అయ్యుండాలి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ట్రాలీ ఆటో నడుపుతాడు. ఒకరోజు పొద్దున్నే లోడు ఎక్కించుకునే చోట వరస తప్పించి ముందుకు దూరిన ఒక ఆటోవాణ్ని కాలర్ పట్టి కిందికి లాగి, టమాటా డబ్బాల మీద పడేసి, కారుతున్నది రక్తమో టమాటా రసమో తెలియనంతగా గుద్దాడు. పోలీసులు వచ్చేసరికి ఇద్దరూ ఒకే బండి దగ్గర చాయ్ తాగుతున్నారు. అది వేరే సంగతి. పీరా కోపం అలాంటిది. వచ్చేటప్పుడు ఎవరినీ అడగదు, పోయేటప్పుడు ఎవరికీ చెప్పదు.

ఈ పీరా ఐస్ హాకీ ఆడతాడు. సికింద్రాబాద్‌లో ఐస్ హాకీ ఏమిటని నవ్వకండి. నవ్వినవాళ్లకు పీరా ఏం జవాబిచ్చాడో చెబితే మీ నవ్వు అక్కడే ఆగిపోతుంది.

వాళ్లమ్మ నజ్మున్నీసా సికింద్రాబాద్‌లో ఒక స్కేటింగ్ గ్రౌండు ఊడ్చేది. తల్లి వెంట వెళ్లి, పెద్దింటి పిల్లలు పారేసిన చక్రాల స్కేట్లు కాళ్లకు కట్టుకుని పీరా అక్కడే ఎదిగాడు. సిమెంటు గచ్చు మీద చక్రాలతో హాకీ నేర్చాడు. ఇప్పుడు ఊరికి ఆ చివర ఒక మాల్‌లో చిన్న మంచు గచ్చు ఉంది. మాల్ తలుపులు తెరవకముందు పొద్దున పూట దాన్ని టీముకి ఇస్తారు. అక్కడ బ్లేడ్ల స్కేట్లు వేసుకుని ఆడతారు. ఏడాదికోసారి చలికాలంలో కొండల్లోకి వెళ్లి, గడ్డకట్టిన మైదానం మీద పై రాష్ట్రాల టీములతో పోటీకి దిగుతారు. మే నెల ఎండలో సిమెంటు మీద చెమటలు కక్కుతూ మంచు మీది ఆటకు తయారయ్యే మనుషులు వీళ్లు. పిచ్చి అనండి, నేను కాదనను.

టీములో పీరా పని ఒకటే. అవతలివాడు పక్‌తో, అంటే ఆ నల్లటి రబ్బరు బిళ్లతో, గోలు వైపు వస్తుంటే భుజంతో గుద్ది చుట్టూ ఉన్న చెక్క గోడకు అదమడం. ఆటలో అది తప్పు కాదు. రూల్ ఒప్పుకున్న కొట్లాట. ఆ రూల్ తెలిసిన రోజు పీరా మొహం వెలిగిపోయిందని వాళ్ల కోచ్ క్యారల్ ఇప్పటికీ చెబుతుంది. క్యారల్ మౌలాలి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. ఒకప్పుడు చక్రాల హాకీలో ఆమెకు ఎదురొచ్చినవాళ్లు లేరు. ఇప్పుడు జుట్టు నెరిసింది గాని గొంతు నెరవలేదు.

పీరాకి ప్రాణంలాంటి వాడు నోవహు. కాప్రాలో ఉంటాడు, చర్చిలో గిటార్ వాయిస్తాడు, సన్నగా ఉంటాడు, మంచు మీద అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇద్దరూ చిన్నప్పుడే ఒక మాట అనుకున్నారు. "నువ్వు ఉరుకు. నీ మీదికొచ్చినోణ్ని నేను చూస్కుంట" అన్నాడు పీరా. నోవహు ఆ మాట నమ్మి, ఎన్నడూ పక్కకు చూడకుండా ఉరికేవాడు. పక్కన చూడాల్సింది పీరా కదా.

ఇక పీరా పాదాల సంగతి. కాలు నేల మీద పెడితే నడిమిలో వంపు అన్నదే లేదు, పాదం మొత్తం నేలకు అతుక్కుంటుంది. దానికి తోడు స్కేట్లు ఎవరో వాడి అమ్మినవి, ఒక సైజు పెద్దవి. లోపల పాదం కింద పరిచిన అట్ట, దాన్నే ఇన్‌సోల్ అంటారు, అరిగి అప్పడంలా అయిపోయింది. మొదటి పది నిమిషాలు బాగానే ఉండేది. తర్వాత పాదం నడుమ మేకు దిగేసినట్టుండేది. ఆ మేకు పిక్క మీదుగా మోకాలి దాకా ఎక్కేది. పళ్లు కొరుక్కుని ఆడేవాడు, నొప్పి ఎక్కువైనకొద్దీ ఎదుటివాణ్ని గట్టిగా గుద్దేవాడు. ఇక తట్టుకోలేనప్పుడు బెంచీ మీదికొచ్చి, లేసులు వదులు చేసుకుని, పాదం చేత్తో పిసుక్కునేవాడు.

పోయిన ఏడాది కొండల్లో జరిగింది అప్పుడే.

పీరా బెంచీ మీద ఉన్నాడు. రెండు స్కేట్ల లేసులూ విప్పేసి, కుడి పాదం బయటికి లాగి రెండు చేతులతో రుద్దుకుంటున్నాడు. నోవహు పక్ పట్టుకుని గోడ వెంబడి దూసుకుపోతున్నాడు. అవతలి టీములో నలభై నాలుగు నంబరు జెర్సీవాడు, దిట్టమైన మనిషి, అడ్డంగా వస్తున్నాడు. నోవహు ఆ క్షణాన ఎన్నడూ లేనిది తల తిప్పి పక్కకు చూశాడు. పీరా ఉండాల్సిన వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. నలభై నాలుగు వచ్చి గుద్దిన గుద్దుకు నోవహు గోడకు కొట్టుకుని, కాలు కింద మడతపడి కూలిపోయాడు. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు బెంచీ దాకా వినిపించింది. ఎండిన చెరుకుగడ విరిచినట్టు విరిగింది.

పీరా లేచాడు. ఒక కాలికి స్కేటే లేదు, రెండోదానికి లేసు కట్టలేదు, రెండడుగులు వేయకముందే బోర్లా పడ్డాడు. మోకాళ్ల మీద పాక్కుంటూ పోయాడు, సిగ్గూ శరమూ లేకుండా పాక్కుంటూ పోయాడు. నలభై నాలుగు నంబరువాడు రెండు చేతులూ ఊపుతూ ఏదో చెప్పబోయాడు. పీరా వినలేదు. గోడ పట్టుకుని లేచి, హెల్మెట్ జాలీ కింద నుంచి మూతి మీద గుద్దాడు, మళ్లీ గుద్దాడు, నలుగురు పట్టుకుని లాగేదాకా గుద్దుతూనే ఉన్నాడు. చేతి వేళ్లు పగిలి రక్తం కారి తెల్లటి మంచు మీద చారలు పడ్డాయి. నలభై నాలుగుకు పడ్డ శిక్ష కాసేపు బయట కూర్చోవడం. పీరాని మాత్రం ఆ రోజు ఆట నుంచే గెంటేశారు.

నోవహు కాల్లో రాడ్ వేశారు. దవాఖానలో పీరా మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాడు. నోవహు అతని వైపు తల తిప్పి, "నీ కాళ్లు ఇంకా నొస్తున్నయారా" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. పీరా బయటికొచ్చి దవాఖాన గోడను గుద్దాడు. వేళ్లు మళ్లీ పగిలాయి.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. వచ్చే ఏడాది ఆ నలభై నాలుగు నంబరువాడు తన కాళ్ల మీద నిలబడి ఇంటికి పోకూడదు. దానికి ముందు తన కాళ్లు నిలబడాలి. ఆట మొత్తం నొప్పి లేకుండా మంచు మీద ఉండాలి. మనుషులు కత్తి నూరుకున్నట్టు పీరా ఇన్‌సోల్ వెతకడం మొదలుపెట్టాడు.

మొదట మెడికల్ షాపులో దొరికే జెల్లీ సోల్స్ తెచ్చాడు. అవి లోపల జారాయి, చెమటకు కంపు కొట్టాయి. వాటిని విసిరికొట్టి ఆలోచించాడు. వాళ్లమ్మకు షుగర్. డాక్టరు ఆమెకు ఎమ్‌సీఆర్ చెప్పులు రాశాడు. షుగర్ వాళ్ల పాదాలకు పుండ్లు పడకుండా ఉండే ఆ మెత్తటి నల్లచెప్పులు మీరు చూసే ఉంటారు, మన దగ్గర ఇంటికొక జత ఉంటుంది. చిన్న రాయి కూడా గుచ్చుకోకూడని పాదాలకే అవి హాయిగా ఉంటే నా పాదాలకెందుకు ఉండవు అనుకున్నాడు. అమ్మ పడుకున్నాక కత్తెర తీసుకుని, పట్టీలు పీకేసి, స్కేట్ల కొలతకు కోసేశాడు. పట్టీ దూరే బొక్క బొటనవేలి దగ్గర అలాగే ఉండిపోయింది. దాన్నెవరు చూస్తారు లోపల.

పొద్దున నజ్మున్నీసా గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంది. పట్టీలు దొరికాయి. కింద సోల్ లేదు.

"పీరా, నా చెప్పులేవిరా?"

"జెర అవసరముండెనే అమ్మా."

"అవసరమా? నా కాళ్లకంటె అవసరమారా నీకు? నా కాళ్లు పుండ్లు పడి తీసేస్తే అప్పుడు తెలుస్తదా నీకు?" కొట్టడానికి చెప్పు లేదు కాబట్టి చీపురు అందుకుంది. చీపురు పుల్లలు వీపు మీద విరిగేదాకా కొట్టింది. మార్కెట్లో మనిషిని డబ్బాల మీద విసిరేసే పీరా తల్లి ముందు చేతులు నెత్తి మీద పెట్టుకుని గోడకు ఒదిగి నిలబడ్డాడు. ఆ సాయంత్రమే కొత్త చెప్పులు తెచ్చి ఆమె కాళ్లకు తనే తొడిగాడు. ఆమె మొహం అటు తిప్పుకునే కాలు చాచింది.

ఇంత జరిగింది కదా, ఆ ముక్కలు వేసుకుని మంచు మీదికి దిగితే స్వర్గమే అనుకోండి. మేకు లేదు, మంట లేదు. పీరా నవ్వుకుంటూ రౌండు మీద రౌండు కొట్టాడు. వేగం పెంచాడు. గోడ దగ్గర విజయేందర్ అని టీములో ఒకడు, హెల్మెట్ తీసి పక్కన పెట్టి గ్లవ్ సర్దుకుంటున్నాడు. పీరా అతని వైపే వస్తూ, ఎప్పటిలాగే పాదాలు అడ్డం తిప్పి బ్రేక్ వేశాడు.

స్కేటు తిరగలేదు. లోపల మెత్తటి రబ్బరు నలిగి మడమ పైకి లేచింది, పాదం ఒక పక్కకు జారింది, బ్లేడు మంచును పట్టలేదు. మనిషి తిరిగాడు గాని బూటు తిరగలేదు. పీరా మొత్తం బరువుతో విజయేందర్ మొహం మీద పడ్డాడు. ముందుపళ్లు విరిగి పక్ పక్కన పడ్డాయి. నోట్లోంచి రక్తం బొటబొటా కారి గడ్డం మీదుగా జెర్సీ తడిసిపోయింది.

"నేను ఆపిన. అది ఆగలే" అన్నాడు పీరా.

ఎవరు నమ్ముతారు చెప్పండి. నేనైనా నమ్మేవాణ్ని కాదు. విజయేందర్ ఒక చేత్తో నోరు అదుముకుని, రెండో చేత్తో స్టిక్కు ఎత్తి పీరా వీపు మీద చాచి కొట్టాడు. స్టిక్కు విరిగింది. పీరా చెయ్యి ఎత్తలేదు. "ఖసం భాయ్, నాకు ఆగరాలే, నేను ఆపిన" అంటూనే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. వాడి సంగతి తెలియదా, కోపమొచ్చి కొట్టి ఉంటాడు, ఇప్పుడు నాటకాలు అన్నారు. జీవితంలో మొదటిసారి పీరా కొట్టకుండా కొట్టినవాడయ్యాడు. అది ఎంత మంటగా ఉంటుందో అప్పుడు తెలిసింది, పాదంలో మేకు ఇంతకంటే నయం అనిపించింది.

నమ్మింది క్యారల్ ఒక్కతే. అదీ మాట విని కాదు. "స్కేట్లు ఇప్పు" అంది. విప్పాడు. ఆమె లోపల చెయ్యి పెట్టి లాగితే నల్లటి చెప్పు ముక్క బయటికొచ్చింది, బొటనవేలి దగ్గర బొక్కతో సహా. ఆమె దాన్ని పైకెత్తి, ఆ బొక్కలోంచి పీరాని చూసింది.

"గిది ఎవరి చెప్పురా?"

"అమ్మది అక్కా."

"మెత్తగుంటే హాయనుకున్నవ్. షుగర్ మనిషి నెమ్మదిగ నడుస్తది, నువ్వు గాలి లెక్క పోతవ్. గింత మందం పెడితే మడమ బూట్ల కూసోదు, పైకి లేస్తది. లేసిన మడమ నీ మాట వినదు. ఇంకో ఇంచి అటైతే విజయేందర్ మెడ ఇరుగుతుండె. ఎరుకేనా నీకు?"

పీరా తల ఊపాడు. ఆ రెండు ముక్కలనూ ఆమె చెత్తబుట్టలో విసిరింది. విజయేందర్‌కు జరిగినదంతా చెప్పింది కూడా. అతను విన్నాడు గాని పళ్లు కట్టించుకునేదాకా పీరాతో మాట్లాడలేదు.

మర్నాడు సికింద్రాబాద్ గ్రౌండులో క్యారల్ బకెట్‌లో నీళ్లు తెచ్చి పీరా పాదాలు ముంచి, ఎండిన సిమెంటు మీద నిలబెట్టింది. తడి అచ్చు పడింది. పాదం ఆకారంలో నిండుగా పడింది, నడుమ ఎక్కడా ఖాళీ లేదు. "చూసినవా, నీ పాదం నడుమ కూలిపోయింది. దానికి మెత్తటి పరుపు కాదు, కింద మోసేది కావాలె" అంది. ఆమె తెలిసిన దుకాణంలోంచి నాలుగు రకాలు పట్టుకొచ్చింది. ఒక్కొక్కదాన్ని నేల మీద పెట్టి ఒట్టి పాదంతో నిలబడమంది. పాదం నడుమ బొటనవేలితో నొక్కితే లోపలికి పోయేవాటిని పక్కన పడేసింది. ఒకదానికి మడమ దగ్గర గిన్నెలా గుంట ఉంది, మడమ అందులో కూర్చుంటే అటూ ఇటూ కదలదు. నడుమ గట్టిగా ఎత్తుగా ఉంది, వేళ్ల దగ్గర మాత్రం పల్చగా ఉంది.

"రాయి మీద నిలవడ్డట్టుంది అక్కా."

"రాయి గాదు. నీకు పుట్టినకాడికెళ్లి లేని వంపు అది. అలవాటైతది. ముందు పాత అట్ట పీకెయ్యి. దాని మీదనే ఇది పెడ్తే మల్ల మడమ లేస్తది."

పాత అట్టను పీకి, కొత్తదాని మీద పెట్టి, ముందువైపు గీత గీసి కత్తిరించారు. స్కేటు బూటు కూడా పాదానికి తగ్గట్టు మళ్లీ అదమాలి కదా. దానికి వీళ్ల టీముకి ఒక అలవాటు ఉంది. సికింద్రాబాద్‌లో తెలిసిన బేకరీకి పోయి, బన్నుల పని అయిపోయాక చల్లారుతున్న భట్టీలో బిస్కెట్ల రేకు మీద స్కేట్లు పెట్టిస్తారు. బూటు మెత్తబడగానే తీసి, కొత్త అట్ట వేసి, పాదం దూర్చి, లేసులు బిగించి, చల్లారేదాకా కదలకుండా కూర్చోవాలి. బన్నుల కోసం వచ్చినవాళ్లు ఈ వింతను చూస్తుండగా పీరా వేడికి పళ్లు కొరుక్కుంటూ బేకరీ స్టూలు మీద కూర్చున్నాడు. నోవహు పక్కన నిలబడి, చేతికర్ర గోడకు ఆనించి, బన్ను తింటూ చూశాడు.

"ఈసారి పక్కన ఉంటవా?" అన్నాడు.

"ఉంటరా. నేను ఉంటే వాడు ఉండడు."

నోవహు బన్ను నమలడం ఆపాడు. "వాణ్ని వదలకు" అన్నాడు మెల్లగా. గిటార్ వాయించే మనిషి నోట్లోంచి ఆ మాట వచ్చింది. కాల్లో రాడ్ ఉన్నవాడికి నీతులు చెప్పడానికి నేనెవర్ని?

కొత్త ఇన్‌సోల్స్‌ను మొదట కాన్వాస్ బూట్లలో వేసుకుని పీరా మార్కెట్లో ఉల్లి బస్తాలు మోశాడు. పిక్కలు పీకాయి, పాదం ఏడ్చింది. తర్వాత సర్దుకుంది. మంచు మీద క్యారల్ ఒక స్టీలు గ్లాసు నిండా చాయ్ పోసి పెట్టింది. పీరా అంత దూరం నుంచి పూర్తి వేగంతో వచ్చి దాని ముందు ఆగాలి. మొదటిరోజు గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. తర్వాత్తర్వాత బ్లేడ్ల నుంచి లేచిన మంచు పొడి గ్లాసు మీద పడేది గాని గ్లాసు కదిలేది కాదు. చివరికి ఆ చాయ్ ఎత్తుకుని తాగేవాడు. మడమ తాళం వేసినట్టు బూటులో కూర్చుంది. ఎక్కడంటే అక్కడ ఆగగలడు.

"ఇంత కష్టపడుతున్నవ్, ఆడనీకా, కొట్టనీకా?" అని అడిగింది క్యారల్ ఒకరోజు.

పీరా లేసులు చూసుకున్నాడు.

"నా దగ్గర ఉన్నది పాదాల కిందికి అట్టనే పీరా. తలకాయలకు నా దగ్గర ఏం లేదు" అని ఆమె గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

చలికాలం వచ్చింది. కొండల్లోకి పోయారు. నోవహు కూడా సామాన్లు చూసుకునే పని మీద వెంట వచ్చాడు, బెంచీ చివర కర్ర పట్టుకుని కూర్చున్నాడు. అదే మైదానం, ఎదురుగా అదే టీము. నలభై నాలుగు ఉన్నాడు. అతన్ని చూడగానే పీరా లేసులు ఇంకో ముడి బిగించాడు.

ఆట షురూ అయింది. పీరా ఎదురొచ్చినవాణ్నల్లా గుద్దాడు. ఒకణ్ని గోడకు కొడితే చెక్క ఊగింది. ఇంకొకడు గాల్లోకి లేచి వీపు మీద పడి ఊపిరందక తన్నుకున్నాడు. ఎవడి స్టిక్కో తగిలి పీరా కనుబొమ్మ చిట్లింది, రక్తం కంట్లోకి దిగుతుంటే గ్లవ్‌తో తుడుచుకుని మళ్లీ దిగాడు. పాదాలు నొప్పి పెట్టలేదు. బెంచీ మీద కూర్చున్నప్పుడు అలవాటుగా చెయ్యి లేసుల మీదికి పోయేది, విప్పే పని లేక వెనక్కి వచ్చేది. పాదాలున్న సంగతే మరిచిపోయేంత హాయి.

నలభై నాలుగు మాత్రం ఆ రోజు సరిగ్గా ఆడటం లేదు. మలుపుల దగ్గర తూలుతున్నాడు, ఆగాల్సిన చోట గోడ పట్టుకుని ఆగుతున్నాడు. పీరా అది చూశాడు. చూసి, భయపడుతున్నాడు నా కొడుకు అనుకున్నాడు. పగతో చూసేవాడికి నంబరు కనబడుతుంది గాని మనిషి ఎక్కడ కనబడతాడు.

ఆట చివరికొచ్చింది. పక్ గోడ మూలకు పోయింది, నలభై నాలుగు దాని వెంట పోయాడు. పీరా మైదానం అవతలి నుంచి బయల్దేరాడు. బ్లేడ్లు మంచును కోస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. మధ్యలో విజిల్ మోగింది. పక్ గోడ దాటి బయటికెళ్లిపోయింది, ఆట ఆగిపోయింది. నలభై నాలుగు నంబరువాడు భుజాలు దించి, గోడ మీద చెయ్యి వేసి, ఇటు తిరిగాడు. పీరా ఇంకా దూరంలోనే ఉన్నాడు. గ్లాసు ముందు ఆగడానికి కావలసినదానికి రెట్టింపు జాగా ఉంది. వదలకు అన్న నోవహే బెంచీ మీద నుంచి "పీరా, వద్దురా" అని గట్టిగా అరిచాడు. పీరాకి విజిల్ వినబడింది. నోవహు గొంతూ వినబడింది. మడమ బూటులో బిగిసి ఉంది, తిప్పితే తిరుగుతుంది.

తిప్పలేదు.

భుజం దించి, ఏడాది బరువంతా వేసి గుద్దాడు. నలభై నాలుగు గోడకూ పీరాకూ మధ్య నలిగిపోయాడు. మెడకూ భుజానికీ మధ్య ఎముక విరిగిన చప్పుడు పీరా చెవి పక్కనే వినిపించింది. అదే చప్పుడు, ఎండిన చెరుకుగడ చప్పుడు. మనిషి జారి కింద పడ్డాడు, కుడికాలు వంకరగా తిరిగి కింద ఇరుక్కుంది. అవతలి టీమువాళ్లు వచ్చి పీరా మీద పడ్డారు. వీపు మీద, తల మీద, కడుపులో గుద్దారు. పీరా తిరిగి కొట్టలేదు. పని అయిపోయింది కదా. కొడితే కొట్టనీ అనుకున్నాడు, లోపల ఏదో చల్లబడుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

డాక్టరు వచ్చి నలభై నాలుగు నంబరువాడి కాలు చూడాలని లేసులు కోసి స్కేటు లాగాడు. సాక్సు మడమ దగ్గర రక్తంతో తడిసి ఉంది, లోపల రుద్దుకుని రుద్దుకుని తోలు లేచిపోయింది. స్కేటు పక్కన పెడుతుంటే అందులోంచి ఒక ముక్క జారి మంచు మీద పడింది. నీలంరంగు హవాయి చెప్పు ముక్క. స్కేటు కొలతకు కోసి ఉంది. బొటనవేలి దగ్గర పట్టీ దూరే బొక్క ఉంది.

పీరా దాన్ని చూశాడు. తన మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి, అతనికి తెలియలేదు. వాళ్లను పక్కకు తోసుకుని వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంకా కొట్టడానికి వచ్చాడనుకుని నలభై నాలుగు నంబరువాడు దెబ్బ తగలని వైపు చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పోయిన సాల్ నువ్వేదో చెప్పబోయినవ్. ఏం చెప్పబోయినవ్?" అని హిందీలో అడిగాడు పీరా.

ఆ మనిషి చెయ్యి కొంచెం దించి చూశాడు. "బ్రేక్ వేశాను భాయ్. బూటులో పాదం జారింది. ఆగలేదు" అన్నాడు. కాస్త ఊపిరి పీల్చుకుని, "అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు" అన్నాడు.

పీరా నమ్మాడు. ఈ భూమ్మీద ఆ మాటను నమ్మగలిగినవాడు ఎవడైనా ఉంటే అది పీరాయే. తన నోటితో తను అన్న మాటే అది. విజయేందర్ పళ్లు, చెత్తబుట్టలో పడ్డ అమ్మ చెప్పులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"నీ పేరేంది?"

"సత్యదేవ్."

ఏడాది పొడుగునా పగలూ రాత్రీ తలుచుకున్న మనిషి పేరు పీరాకి అప్పుడు తెలిసింది. స్ట్రెచర్ తెచ్చి సత్యదేవ్‌ను ఎత్తుకుపోయారు. ఎత్తుతున్నప్పుడు అతను పెట్టిన కేకకు పీరా చెవులు మూసుకున్నాడు. ఎన్నో ఎముకల చప్పుళ్లు విన్నవాడు, ఈ కేక వినలేకపోయాడు.

రిఫరీ పీరాని బయటికి పంపాడు. గేటు దగ్గర నోవహు కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. మంచు మీది నుంచి ఎవరో తీసి పడేసిన ఆ నీలం ముక్క అతని చేతిలో ఉంది. బొక్కలో వేలు దూర్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"వాడు ఆపిండంటరా. ఆగలేదంట" అన్నాడు పీరా. "నాకెట్ల తెలుస్తది చెప్పు. నీ కాలు ఇరగ్గొట్టిండని..."

నోవహు తల ఎత్తాడు. కోపం లేదు ఆ మొహంలో. దవాఖానలో కాళ్లు నొస్తున్నాయా అని అడిగినప్పుడు ఉన్న మొహమే అది.

"వానికి ఆగరాలే" అన్నాడు. "నీకు ఆగొస్తుండె గదరా."

ఆ ముక్కను పీరా చేతిలో పెట్టి, కర్ర ఊతంతో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. పీరా బెంచీ మీద కూర్చుని చాలాసేపు లేసులు విప్పలేదు. చివరికి విప్పి స్కేట్లు లాగి, రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుని, ఎక్కడైనా నొప్పి ఉందేమోనని వేళ్ల నుంచి మడమ దాకా నొక్కి చూసుకున్నాడు. ఎక్కడా లేదు.